బూజుకు బడిపెట్టిన గోడ

ఆ గాజు పళ్ళేన్ని చూడగానే వీరవేణికి ముందు ఒళ్ళు మండింది. భయం ఆ తర్వాత వచ్చింది.

అరచేతిలో పట్టేంత పళ్ళెం అది. అందులో పోసిన జెల్లీ మీద, తన అక్క ముక్కు లోపలి నుంచి తీసిన బూజును ఆసుపత్రివాళ్ళు పెంచారు. మధ్యమధ్య తెల్లటి కాగితపు బిళ్ళలు పెట్టారు. ఒక్కో బిళ్ళకు ఒక్కో మందు పట్టించి ఉంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బూజు చచ్చి, గుండ్రంగా ఖాళీ కనబడాలి. ఇక్కడ ఒక్క బిళ్ళ చుట్టూ కూడా ఖాళీ లేదు. బూజు తాపీగా బిళ్ళల మీదికి కూడా పాకి, వాటినే మేస్తున్నట్టు ఉంది.

"మా దగ్గరున్న మందులు ఇవే. దీనికి అన్నీ మంచినీళ్ళే," అంది డాక్టర్ నసీమా. "మీరు బూజుల మీదే పనిచేస్తారు కాబట్టి దాచడం లేదు. బుగ్గ ఎముక దాకా గీకి తీశాం. మళ్ళీ పెరుగుతోంది. ఎడమ కన్ను తీసేయాల్సి రావచ్చు. తీసినా ఆగుతుందని మాట ఇవ్వలేను."

"ఎంత టైముంది?"

"రెండు వారాలు దాటితే అదృష్టం. అంతకంటే నన్ను అడక్కండి."

వీరవేణి పళ్ళేన్ని కిటికీ వెలుతురు వైపు పట్టింది. పాచిరంగు బూజు, అంచున ఇటుకరంగు చార. ఆ చారను ఆమె ఇంతకు ముందే చూసింది. ఏడాది కిందట, తను పనిచేసే లేబరేటరీలో. చూసి, తన చేతులతోనే ఆవిరి డబ్బాలో పడేసి ఉడకబెట్టింది.

తెర అవతల మంచం మీద గంగారత్నం సగం మొహానికి కట్టుతో పడుకుని ఉంది. పాదాల చప్పుడు విని కట్టులేని కన్ను తెరిచింది.

"ఏటంటందే డాక్టరమ్మ?"

"మందు మారుస్తారంట అక్కా."

"మార్చమను. ఈ మందుకి నోరంతా సేదు. ఆ దసరా ముందు గోడలు దులిపిన కాడ్నించీ ఇదే గోల. ఆ పూట ముక్కుకి గుడ్డ కట్టుకోమని మీ బావ సెప్తానే ఉన్నాడు. నాకే బద్ధకం."

"నీ బద్ధకం కాదులే."

"మరెవరిదే?"

వీరవేణి అక్క కాళ్ళ మీద దుప్పటి సర్ది బయటికి వచ్చేసింది. తల్లి పోయాక తనను పెంచింది ఈ అక్కే. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం దాకా వీధివీధీ తిరిగి, చెల్లెల్ని బూజుల మీద డాక్టరేటు చేసేదాకా చదివించింది. బూజు మీద చదువేంటే అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వితే, మీ ఇళ్ళల్లో లేదా బూజు, మా సెల్లి వచ్చి మందేస్తాది అని వాళ్ళ నోళ్ళు మూయించింది. ఆ మాట గుర్తొచ్చింది వీరవేణికి. ఏడవడానికి ఇది సమయం కాదనుకుని కారెక్కింది.

*

కంపెనీ లేబరేటరీ కాకినాడ ఊరి చివర, సరుగుడు తోటల పక్కన ఉంది. ఆ సరుగుడు పొట్టూ, వరి ఊకా, ఊళ్ళో పారేసిన ప్లాస్టిక్కూ కలిపి కరిగించి ఇళ్ళ గోడలకు పలకలు పోస్తారు. ప్లాస్టిక్ ఉంది కదా, పుచ్చదు అని అందరూ అనుకున్నారు. పైకి అలాగే కనబడుతుంది. లోపలున్న పొట్టు మాత్రం వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది. చెమ్మ చేరితే బూజు చేరుతుంది. ఏడాది తిరిగేసరికి పలక గోరుతో గీస్తే రాలిపోయేది.

దానికి విరుగుడు కనిపెట్టింది లేబరేటరీ పెద్ద విఠల్ ప్రసాద్. పలక చల్లారాక, వెంట్రుకకంటే సన్నని రంధ్రాల్లోకి ఒక బ్యాక్టీరియాను ఎక్కించాడు. దానికి 'కావలి' అని పేరు పెట్టాడు. బూజు వాసన తగిలితే కావలి నిద్రలేచి ఒక విషం వండుతుంది. బూజు చచ్చిందా, మళ్ళీ పడుకుంటుంది. చావకపోతే తన జన్యువులను తానే అటూ ఇటూ మార్చుకుని ఇంకో విషం వండుతుంది. గెలిచేదాకా వండుతూనే ఉంటుంది. మనిషి ఒంటికి హాని చేసే విషాల జోలికి పోకుండా దానికి కళ్ళెం వేశారు. పలక దాటి బయటికి వస్తే బతకకుండా కూడా కట్టడి చేశారు. జాగ్రత్తలకేం, చాలా తీసుకున్నారు.

"ఇది చదువుకునే చెక్క," అన్నాడు విఠల్ ప్రసాద్ ప్రారంభోత్సవం నాడు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. వీరవేణి కూడా కొట్టింది. గోడ చదువుకుంటుంటే, దాని మీద కూర్చున్న బూజు చెవులు మూసుకుని కూర్చుంటుందా అన్న ప్రశ్న ఆ హాల్లో ఎవరికీ తోచలేదు. తోచాల్సింది వీరవేణికే. ఆమె చదివింది ఆ శాస్త్రమే.

ఆ లేబరేటరీలో ఒక ఆచారం ఉంది. ప్రతి పరీక్షకూ బూజు రకాలు దాచే భాండాగారం నుంచి కొత్త బూజు తెస్తారు. శుద్ధమైనది, వంశం తెలిసినది. దాన్ని పలక మీద వేసి, కావలి చంపేదాకా చూసి, మిగిలినదంతా ఆవిరి డబ్బాలో ఉడకబెట్టి పారేస్తారు. మరుసటి పరీక్షకు మళ్ళీ కొత్త బూజు. బయటి నుంచి ఏ బూజు వచ్చి పడినా దాన్ని 'మైల' అంటారు. మైల తగిలితే గదంతా కడుగుతారు. పూజగదిలో కూడా అంత మడి ఉండదు.

వీరవేణి సొంతూరు పాకలపేట సముద్రంలో కలిసిపోయాక, అక్కడి బెస్తవాళ్ళకు ప్రభుత్వం లోపలికి కాలనీ కట్టింది ఈ పలకలతోనే. మొదటి వానాకాలం గోడలు అద్దంలా ఉన్నాయి. రెండో వానాకాలం అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, మంచం వెనక గోడ మీద పాచిరంగు మచ్చ కనబడితే వీరవేణి గీకి తెచ్చుకుంది. లేబరేటరీలో ఏ మందు పోసినా అది చావలేదు. విఠల్ ప్రసాద్‌కు చూపిస్తే పళ్ళేన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"బయటి మైలమ్మా ఇది. ఎక్కడెక్కడివో కలిసిపోయి ఉంటాయి. ఉడకబెట్టించండి," అన్నాడు.

ఆమె ఉడకబెట్టింది. ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఆ చేతులను చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది.

విఠల్ ప్రసాద్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళి, ఆసుపత్రి పళ్ళెం ఆయన బల్ల మీద పెట్టింది.

"మా అక్క ముక్కులోంచి తీశారు సార్. చార చూడండి. ఏడాది కిందట నేను తెచ్చిందే ఇది. మీరు మైల అన్నారు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీ అక్కగారికి బాగాలేదని విన్నాను. చాలా బాధాకరం. కానీ దీనికీ మన పలకకూ సంబంధం ఉందని ఎలా అంటారు? మన పరీక్షల్లో కావలి ఒక్కసారి కూడా ఓడలేదు."

"ప్రతిసారీ పసిబూజును తెచ్చి దాని ముందు పెడితే ఎందుకు ఓడుతుంది? మనం పరీక్ష అయిపోగానే ఉడకబెట్టి పారేశాం. ఇళ్ళల్లో ఎవరు ఉడకబెట్టారు సార్? మూడు వానాకాలాలు అది గోడ మీదే కూర్చుని మీ కావలి వండిన ప్రతి విషాన్నీ తిని అరిగించుకుంది. దసరాకి బూజులు దులిపారు. దులిపిందంతా ముక్కుల్లోకి పోయింది. అన్ని విషాలు అరిగించుకున్నదానికి ఆసుపత్రి మందులు ఒక లెక్కా? మనం ఆ ఊరివాళ్ళకు ఇళ్ళు కట్టలేదు సార్. బూజుకు బడి కట్టాం."

విఠల్ ప్రసాద్ ఏదో చెప్పబోయాడు. పెదవి కదిలింది కూడా. తర్వాత పళ్ళేన్ని మెల్లగా ఆమె వైపు తోశాడు.

"ఆవేశపడకండి. లాయరు గారితో ఒక మాట అనుకుని, రేపు మాట్లాడదాం."

"మా అక్కకు రేపులు ఎక్కువ లేవు," అని వీరవేణి పళ్ళెం తీసుకుని బయటపడింది.

*

పాకలపేట కాలనీకి చేరేసరికి ఎండ ఇంకా వాలలేదు. సూరిబాబు ఇంటి ముందు వల కుట్టుకుంటున్నాడు. గంగారత్నం మొగుడతను. భార్య ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ వేటకు పోవడం మానేశాడు. చెయ్యి ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతోందని, బాగున్న వలనే విప్పి మళ్ళీ కుడుతున్నాడు.

వీరవేణి కారు దిగీ దిగగానే మాట్లాడడం మొదలుపెట్టింది. ఏదీ దాచలేదు. గోడలో ఏముందో, గోడ మీద ఏముందో, అది అక్క ముక్కులోకి ఎలా పోయిందో వీధి మధ్యలో నిలబడి చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. గట్టు మీద పేకాడుతున్నవాళ్ళు ముక్కలు పడేసి వచ్చారు.

పక్కింటి కొండమ్మ బిడ్డను చంకకెత్తుకుని ముందుకొచ్చింది.

"అయితే మా ఇంటాయనకి తల నొప్పెడతందంటే ఇదేనా? రెండ్రోజుల్నించి బుగ్గ కూడా వాసింది."

"ఇదే. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆగకు."

"మరి ఈ గోడల మధ్య పిల్లల్నెట్టుకుని ఎట్టా పడుకునేది?"

"పడుకోకండి," అంది వీరవేణి. "ఈ గోడల్ని తగలబెట్టండి. వీళ్ళు మిమ్మల్ని మనుషులనుకోలేదు. మన ఊరిని సముద్రం మింగితే, మిగిలినవాళ్ళని వీళ్ళు బూజుకు మేత వేశారు."

అలాంటి మాట చెప్పాక జనం ఆగుతారా? సూరిబాబు వల పక్కన పడేసి లేచాడు. గునపం తెచ్చి తన ఇంటి గోడకే మొదట గుచ్చాడు. ఆ పలక ఊడి రావడానికి ముగ్గురు మగవాళ్ళు పట్టాల్సి వచ్చింది. మూడు వానాకాలాలు తిన్న గోడ గట్టి చేవ పట్టిన దూలంలా ఉంది. ఒక్క అంచు పుచ్చలేదు, ఒక్క పెచ్చు రాలలేదు. ఆ సంగతి కళ్ళెదుట కనబడుతున్నా వీరవేణి బుర్రకు ఎక్కలేదు. కోపంతో కళ్ళు మూసుకుపోయిన మనిషికి ఏం కనబడుతుంది?

నాలుగు గోడల పలకలూ ఇసుకలో కుప్ప పోశారు. ఎవరో కిరసనాయిలు తెచ్చారు. అగ్గిపెట్టె సూరిబాబు చేతిలో ఉంటే వీరవేణి అడిగి తీసుకుంది. పుల్ల తానే గీసింది. నల్లటి పొగ లేచి కొబ్బరిచెట్ల మీదుగా పోతుంటే ఆమెకు గుండెల్లో బరువు దిగినట్టు అనిపించింది. హాయిగా కూడా అనిపించింది. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో తాను చేసిన మొదటి మంచి పని ఇదేననుకుంది.

ఆ రాత్రి కాలనీ అంతా బడి వరండాలో పడుకుంది. మిగిలిన ఇళ్ళు తెల్లారాక కూలుద్దామనుకున్నారు.

*

పొద్దున్నే ఆసుపత్రి వసారాలో విఠల్ ప్రసాద్ కనబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో బిగుతు మూత ఉన్న సీసా ఒకటి పట్టుకుని ఉన్నాడు.

"వీరవేణి గారూ, మీ అక్కగారి ఇంటి గోడ పలక కావాలి. చిన్న ముక్క చాలు. మంచం వెనకదైతే మరీ మంచిది."

"ఎందుకు?"

"ఆ బూజు అంత మొండిదే అయితే, ఈ పాటికి పలక లోపలి పొట్టు తినేసి ఉండాలి. గోడ కూలాలి. కూలలేదు కదా. అంటే లోపల కావలి ఇంకా గెలుస్తోంది. ఆ బూజును ఆపే విషం దాని దగ్గర ఉంది. ఒక్క ముక్క దొరికితే అందులోంచి ఆ విషం తీసి మందుగా ఇవ్వచ్చు. నాలుగు రోజుల పని."

వీరవేణి గోడ పట్టుకుని నిలబడింది.

"వేరే ఇంటిది తెస్తే?"

"ఆ ఇంట్లో బూజు వేరే దారిన నేర్చుకుని ఉంటుంది, కావలి కూడా వేరే దారిన. ఏ ఇంటి గోడ ఆ ఇంటి బూజుకే. ప్రయత్నిద్దాం, కానీ నాకు ఆశ లేదు. మీ అక్కగారి గోడే కావాలి."

"కాల్చేశాను," అంది వీరవేణి. "నిన్న సాయంత్రం. నాలుగు గోడలూ."

విఠల్ ప్రసాద్ చేతిలోని సీసాను చొక్కా జేబులో పెట్టుకోబోయి, పట్టక, మళ్ళీ చేత్తోనే పట్టుకున్నాడు.

"ఈ సంగతి మీకు ఎప్పుడు తోచింది?" అని అడిగింది వీరవేణి. ఆయన తల దించుకున్నాడు. "సార్, మిమ్మల్నే. ఎప్పుడు తోచింది?"

"మీరు పళ్ళెం చూపించినప్పుడే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే... పలక వల్లే జబ్బు వచ్చిందని కంపెనీ ఒప్పుకున్నట్టు అవుతుంది. లాయరు గారిని అడగకుండా ఆ మాట నా నోటి నుంచి రాకూడదు. ఒక్క పూటే కదా అనుకున్నాను. మీరు ఇలా చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు."

ఆమె చెయ్యి లేచింది. వసారాలో జనం ఉన్నారు, నర్సులు ఉన్నారు. చెయ్యి లేచిన చోటే ఆగిపోయింది. ఆయనను కొడితే తననెవరు కొడతారు అన్న ఆలోచన అడ్డం వచ్చింది. ఒకడు నోరు మూసుకున్నాడు, ఒకతె నోరు పారేసుకుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. మధ్యలో పడింది గంగారత్నం.

అప్పుడు గుర్తొచ్చింది, కాలనీలో తెల్లారింది.

*

ఆమె వెళ్ళేసరికి మూడిళ్ళు కూలి ఉన్నాయి. పలకలు కుప్ప పోసి, కిరసనాయిలు కూడా చల్లారు. వీరవేణి పరుగెత్తుకెళ్ళి కుప్పకు అడ్డంగా నిలబడింది.

"ఆపండి. ఎవరూ కాల్చొద్దు."

గునపం పట్టుకున్న మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొండమ్మకు కోపం నసాళానికి అంటింది. పొద్దున మొగుడు అప్పన్నను ఆసుపత్రికి పంపి, ఆమే ముందుండి ఇల్లు కూల్పిస్తోంది.

"నిన్న నిప్పెట్టిందెవరే? నువ్వు కాదా? నిన్న తగలెట్టమంటావు, ఇయ్యాల వద్దంటావు. కంపినీవోళ్ళు పొద్దున్నే ఏటిచ్చారే నీకు?"

"ఏమీ ఇవ్వలేదు పిన్నీ. నిన్న నాకు తెలీదు. మీ గోడ మీద పెరిగిన బూజును చంపే మందు మీ గోడలోనే ఉంది. ఇంకెక్కడా లేదు. మీ ఇంటి పలక కాలిస్తే అప్పన్న చిన్నాన్నకు మందు లేకుండా పోతుంది. పలకల్ని ఇళ్ళవారీగా విడదీయండి. తడిగుడ్డ కప్పండి. ముక్కులకు గుడ్డ కట్టుకుని ముట్టుకోండి. ఏ ఇంటిదో కలిసిపోకూడదు."

"నిజమేనా?"

"మా అక్క మీద ఒట్టు."

ఆ మాటతో అందరూ ఒక్కసారే సూరిబాబు వైపు చూశారు. అతను కుప్ప అవతల నిలబడి ఉన్నాడు. నిన్నటి మసి ఇంకా చేతులకు ఉంది. మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"మరి మా గోడో?" అన్నాడు.

వీరవేణి అతని మసి చేతుల వైపు చూసింది.

"కాలిపోయింది బావా. నేనే కాల్చాను."

అతను వెనక్కి తిరిగి, తన ఇల్లు ఉన్న చోటికి వెళ్ళాడు. మసిలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వాడు. వీరవేణి కూడా వెళ్ళి పక్కన కూర్చుని తవ్వింది. ప్లాస్టిక్ కరిగి, బూడిదతో కలిసి, రాయిలా గడ్డకట్టి ఉంది. కాలని పలక ముక్క వేలెడంత కూడా దొరకలేదు. పలకలు బాగా ఎండి ఉన్నాయి. బాగా కాలాయి.

"నువ్వు తవ్వకు," అన్నాడు సూరిబాబు ఆమె వైపు చూడకుండా. "ఆళ్ళ పలకలు అట్టుకెళ్ళు. అప్పన్నకి మందు సెయ్యి. నాతో మాత్రం మాటాడకు. ఇయ్యాల్నించి నా ఎదట పడకు."

*

తర్వాతి నాలుగు రోజులు వీరవేణి, విఠల్ ప్రసాద్ ఒకే గదిలో పక్కపక్కన పనిచేశారు. ఒక్క మాట కూడా అవసరానికి మించి మాట్లాడుకోలేదు. కాలనీ బూజులన్నీ ఆ గదిలోకి వచ్చాయి. మైల అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

కొండమ్మ గోడ పలకలోంచి తీసిన విషాన్ని అప్పన్న ముక్కులోంచి తీసిన బూజు మీద వేస్తే, బిళ్ళ చుట్టూ బొటనవేలంత వెడల్పున ఖాళీ వలయం వచ్చింది. విఠల్ ప్రసాద్ కళ్ళల్లో మెరుపు కనబడింది.

"అద్భుతం," అన్నాడు.

"ఆ మాట ఈ గదిలో అనకండి," అంది వీరవేణి. ఆయన తల దించుకుని, సీసాలు కడిగే మిషతో పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

అదే విషాన్ని గంగారత్నం బూజు మీద వేసింది. ఖాళీ రాలేదు. దొరికిన ప్రతి ఇంటి పలకలోంచీ తీసి వేసింది. ఏదీ పారలేదు. ఫ్యాక్టరీ నుంచి కొత్త పలక తెప్పించి ఆ బూజు ఎదుట పెట్టింది, ఇప్పుడైనా నేర్చుకుంటుందేమోనని. కావలి మొదటి విషం వండకముందే చచ్చిపోయింది. మూడు వానాకాలాల చదువును ఎవరూ నాలుగు రోజుల్లో చెప్పించలేరు. వీరవేణి ఆ పళ్ళేల ముందు కూర్చుని, తనను తాను నోరారా తిట్టుకుంది. తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదని తెలిసి కూడా తిట్టుకుంది.

డాక్టర్ నసీమా పై అధికారుల కాళ్ళావేళ్ళా పడి అనుమతి తెచ్చి, అప్పన్నకు ఆ మందు ఎక్కించింది. వాపు దిగడం మొదలైంది. కాలనీ నుంచి ఇంకా ఎవరెవరో తలనొప్పులతో వస్తున్నారు. వాళ్ళ పలకలు వాళ్ళ పేర్లతో లేబరేటరీలో భద్రంగా ఉన్నాయి. కాల్చకుండా ఆపిన గోడలు కాబట్టి ఉన్నాయి.

అప్పన్న మంచం గంగారత్నం మంచానికి ఎదురుగానే ఉంది.

*

ఆ మధ్యాహ్నం వీరవేణి వార్డులోకి వచ్చేసరికి సూరిబాబు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. గంగారత్నం అది గమనించింది. ఈ నాలుగు రోజుల్లో ఆమె కళ్ళు రెండూ తీసేశారు. అయినా గమనించింది.

"మీ బావేటే, నువ్వొస్తే ఎల్లిపోతన్నాడు?"

"పనుందేమో అక్కా."

"అప్పన్న పొద్దున్న ఇడ్లీ తిన్నాడంటగా. కొండమ్మ సెప్పింది. కొత్త మందంట, నువ్వే సేసేవంట." గంగారత్నం చెయ్యి చాచి, గాలిలో వెతికి, చెల్లెలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. "మరి నాకెప్పుడేత్తారే ఆ మందు?"

వార్డులో ఫ్యాను చప్పుడు వినబడుతోంది. వీరవేణి అబద్ధం చెబుదామనుకుంది. మందు మారుస్తారంట అని ఒకసారి చెప్పింది కదా, అలాగే ఇంకోసారి. నోరు తిరగలేదు.

"నీ మందు మీ గోడలో ఉండేది అక్కా. దాన్ని నేను కాల్చేశాను. కోపంలో. నా చేత్తోనే."

గంగారత్నం పట్టు వదల్లేదు. బిగించనూ లేదు.

"కాల్చేప్పుడు నీకు తెలుసా, అందులో మందుందని?"

"తెలీదు."

"తెలిసినోడు ఎవడన్నా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నీకు సెప్పలేదా?"

"చెప్పలేదు. ఒక పూట ఆగాడు."

"ఆడెక్కడున్నాడిప్పుడు?"

"బయటే ఉన్నాడు. రోజూ వచ్చి వసారాలో నిలబడతాడు. లోపలికి రాడు."

వీరవేణి ముక్కు ఎగబీల్చిన చప్పుడు విని గంగారత్నం మణికట్టును ఒక్కసారి కుదిపింది.

"ఏడవకు. ఏడిత్తే నీ కోపం సల్లారిపోద్ది. దాంతో ఇంకా పనుంది. ముందా బాబుని పిలు."

వీరవేణి కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళింది. విఠల్ ప్రసాద్ వసారా చివర కిటికీ దగ్గర ఉన్నాడు. పక్కన కంపెనీ లాయరు ఏదో చెబుతున్నాడు. ఆమె లాయరును పలకరించలేదు. విఠల్ ప్రసాద్ మోచెయ్యి పట్టుకుని, ఆయన వెనక్కి లాగుతున్నా వదలకుండా, వార్డులోకి నడిపించుకొచ్చింది. లాయరు రెండడుగులు వెంట వచ్చి, గుమ్మం దగ్గర సూరిబాబు అడ్డంగా నిలబడేసరికి ఆగిపోయాడు.

సూరిబాబు వీరవేణికి దారి ఇచ్చాడు.

"అక్కా, వచ్చారు."

విఠల్ ప్రసాద్ మంచం మీది మనిషిని మొదటిసారి చూశాడు. ముక్కు ఉండాల్సిన చోట కట్టు, కళ్ళు ఉండాల్సిన చోట కట్టు. నోరు ఒక్కటే కనబడుతోంది. వీరవేణి వైపు చూశాడు. ఆమె సాయం రాలేదు. ఎదురు మంచం మీద అప్పన్న లేచి కూర్చున్నాడు.

గంగారత్నం తల ఇటు తిప్పి, మంచం పక్కన స్టూలు ఎక్కడుందో చేత్తో తడిమి చూపించింది.

"కూకో బాబూ," అంది. "ఆ పూట ఎందుకు సెప్పలేదో నాకు సెప్పు."